అన్నయ్య తట్టిన స్తంభం

ఇంత ఎత్తుకు రాయి ఎక్కించడానికి ఎన్ని వందల ఏళ్లు పట్టిందో గైడు చెప్పే ఉంటుంది, నా చెవికెక్కలేదు, పేరుమోసిన చర్చి అని మెడ వెనక్కి వంచి చూస్తున్నానే గాని కమానులూ కంటికి ఆనడం లేదు, రంగుటద్దాలూ ఆనడం లేదు, నా కళ్లన్నీ వెనక తలుపు పక్క బల్ల మీదే ఉన్నాయి, కాపలావాడు కూర్చోబెట్టినచోట చేతులు ఒళ్లో పెట్టుకుని మా అన్నయ్య, నలభై ఏళ్లు తాపీ పట్టిన చేతులు ఊరకే ఉండమంటే ఉంటాయా, లోపలికి రాగానే ఆ లావుపాటి స్తంభాన్ని వేలి కణుపుతో టక్కుటక్కుమని కొట్టి చెవి ఆనించాడు, పని అప్పగించే ముందు ప్రతి గోడనూ అలాగే కొడతాడు, గుల్లగా మోగితే ఊడగొట్టించి మళ్లీ పూయిస్తాడు, ఒరే తమ్ముడూ, ఎక్కడా గుల్ల లేదురా, ఎవడోగాని నిజాయతీగా కట్టాడు, అని అంత నిశ్శబ్దంలో అరిచినంత పని చేశాడు, టూరు వాళ్లంతా తిరిగి చూశారు, వాళ్లలో మా ఆఫీసు పెద్దసారూ ఆయన భార్యా.

కాపలావాడు వచ్చి మీ మనిషేనా అని నన్నే అడిగాడు, అదే ముక్కు, అదే బట్టతల, ఇంకెవరిని అడుగుతాడు, నేను తల అడ్డంగా ఊపాను, కాదన్నాను, ఎవరో తెలియదన్నాను, ఒక్కసారి అంటే సరిపోయేది, రెండుసార్లు అన్నాను, వాడు అన్నయ్యను తీసుకెళ్లి ఆ బల్ల మీద కూర్చోబెట్టాడు, నన్ను చదివించింది మా అన్నయ్యేనని మైకు దొరికినచోటల్లా చెప్పిన నోరే ఇది, ఈ టూరుకు రానంటే బతిమాలి తెచ్చిందీ నేనే, అన్నయ్యకు ఆ భాష రాదుగా అని సర్దిచెప్పుకోబోయాను, తల అడ్డంగా ఊపితే అర్థం కావడానికి భాషెందుకు.

కాపలావాడు చూస్తాడేమోనని, ఛీ, అప్పుడు కూడా అదే భయం, బెదురుతూనే వెళ్లి పక్కన కూర్చున్నాను, అన్నయ్యా, అదీ, అన్నాను, పోనీలేరా, మీ సారువాళ్లు చూస్తున్నారు, నువ్వెళ్లు, నాకెలాగూ కాళ్లు లాగుతున్నాయి, అన్నాడు, కోపం లేదు, అలవాటైన మాటలా ఉంది, కాలేజీకి ఎప్పుడొచ్చినా గేటు అవతలే నిలబడి కబురుపెట్టేవాడు, సిమెంటు బట్టలురా, లోపలికెందుకు అనేవాడు, ఆఫీసుకొచ్చినా మెట్ల కిందే, నా పెళ్లి ఫొటోల్లోనూ చివరి వరసే, వట్టి మొహమాటస్థుడని నవ్వుకున్నాను, మొహమాటం కాదు, నేను ఇవాళ అన్న మాట అన్నయ్యకు ఏనాడో వినబడింది, దాన్ని నోటితో అనే అవసరం నాకు రాకుండా ఇన్నేళ్లూ తనే దూరంగా నిలబడ్డాడు.