సంతోష్ ఇంట్ల కూడిక

ఈ యేడు కూడిక వంతు మాదే. కాకున్నా గుంజుకొని మరీ పెట్టుకుందును, అది వేరే ముచ్చట.

మా వాడలో డిసెంబర్ సొచ్చిందంటే పండుగ ముందు ఒక్కో ఇంట్ల సెమీ క్రిస్మస్ కూడిక ఉంటది. పాటలు, వాక్యం, ప్రార్థన, ఆఖరుకు తినుడు. ఎవలింట్ల కూడికైతే వాళ్లే ఇల్లు సక్కబెట్టి, తినేటియి చేసి, అందర్ని పిలుస్తరు. చర్చిల పాస్టరయ్య నా దిక్కు సూడకుంట అన్నడు, "సుమమ్మా, ఈసారి మీకు తిప్పలెందుకు, మంజులోళ్ల ఇంట్ల పెట్టుకుందాం" అని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేసి నిలవడి, "ఎందుకయ్యగారూ? మా ఇంట్ల ఏమైందని?" అన్న. అందరు తలకాయలు కిందికేసిన్రు. మంజుల మా పక్కింటిదే, అది కూడ కొంగు నోట్లె పెట్టుకొని కూసున్నది. ఏం, అందరికీ ఒక్కపారే నోర్లు పడిపోయినయా?

ఏమైందో నేనే చెప్త. నా మొగడు సంతోష్ భూపాలపల్లిల బొగ్గు టిప్పర్ నడుపుతడు. మొన్న వానకాలంల డ్యూటీ దిగి బండి మీద ఇంటికి బయలెల్లిండు. నడుమ వాగు పొంగి రోడ్డు మీదికెళ్లి పోతున్నదట. ఆగురా అని ఆడున్నోళ్లు మొత్తుకున్నరట. ఆయన ఆగలే. ఎవలి మాటిన్నడు గనక? బండి కింది దిక్కు తుమ్మ పొదలల్ల దొరికింది. ఆయన దొరకలే. పోలీసోళ్లు, ఈతగాళ్లు గోదావరి దాక దేవులాడిన్రు, చెప్పు కూడ దొరకలే. దొరకనోన్ని సచ్చిపోయిండంటే నేనెట్ల నమ్ముత?

ఆయనసొంటి మనిషిని మానుకోట స్టేషన్ల చూసినమని ఎవలో అంటే ఉరికిన. ప్లాట్‌ఫారం మీద పండుకున్నోళ్ల మొఖాల మీది దుప్పట్లు గుంజి గుంజి సూసిన. ఒకాయన లేసి బూతులు తిట్టిండు, పడ్డ. మల్ల పోయిన. ఏమో, తలకు దెబ్బ తగిలి పేరు మర్సిపోయి ఏడనో తిరుగుతున్నడేమో. గట్ల కానోళ్లు లేరా లోకంల?

మా ఇంటికి ఏడ్వొచ్చినోళ్లను వాకిట్లకెళ్లే ఎల్లగొట్టిన. మా అత్త సాలమ్మకు కూడ గట్టిగనే చెప్పిన. "అత్తా, నువ్వు ఏడ్సినవంటే నేనీ ఇంట్ల ఉండ. బతికున్న మనిషికి ఏడ్సుడేంది? ఏడ్వనని మాటియ్యి." ఆమె నా చేతిల చెయ్యేసి, "నువ్వు ఏడ్వమన్న దాక ఏడ్వ బిడ్డా" అన్నది. అప్పటిసంది ఆమె కంట్ల చుక్క నీళ్లు సూడలే నేను. అగో, అత్తంటే గట్లుండాలె అనుకున్న. ఊరంత ఒక దిక్కు, మేమిద్దరం ఒక దిక్కు.

ఇగ కూడిక మీద నాకు గంత పంతం ఎందుకంటే, మేము యేసయ్యను నమ్ముకున్నోళ్లమే గని సావు పద్ధతులు మాత్రం పాతయే. సావైన ఇంటికి ఆ యేడు సున్నమెయ్యరు. స్టార్ కట్టరు. పొయ్యి మీద నూనె గంజు పెట్టరు. పండుగకు ఆ ఇంటి ఆడిదాని తల్లిగారోళ్లు నూనె పట్టుకొని రావాలె, వాళ్ల చేతుల్తోని గారెలెయ్యాలె, మొదటి గారె ఆమె నోట్లె పెట్టాలె. అది తిన్నదంటే పోయినోడు పోయిండని ఒప్పుకున్నట్టు. మా మామ కాలం చేసిన యేడు మా అత్తకు వాళ్ల అన్న ఐలయ్య వచ్చి గట్లనే పెట్టిండు. "ఇది బైబిల్ల లేదమ్మా" అన్నడు పాస్టరయ్య. అనుకుంటనే నాలుగు గారెలు తిన్నడు.

మరి నేను సున్నమేసి, స్టార్ కట్టి, నలుగుర్ని పిలిచి, నవ్వుకుంట తినిపిస్తే? గప్పుడిది సావైన ఇల్లెట్లైతది? సంతోష్ ఇల్లైతది. తిన్నోళ్లందరు ఆయన బతికున్నడని ఒప్పుకొని తిన్నట్టే. నాకు కావల్సింది గంతే. రేపు ఆయన వాకిట్లకొస్తే, నన్ను సంపుకున్నరా మీరు అని అడగొద్దు.

సున్నంల నీలిమందు కలిపి గోడలన్ని నేనే కొట్టిన. రంగు కాయిదాలు కత్తిరించి గొలుసులు చేసిన. అశోక చెట్టు కొమ్మ తెచ్చి బొక్కెనల మట్టి పోసి నాటి, దాని మీద దూది పరిచిన. స్టార్ కట్టుడు ఎప్పటికీ ఆయన పని. ఈసారి నేనే చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి రేకుల మీదికెక్కి, బొంగుకు స్టార్ కట్టి నిలవెట్టిన. కింద బజార్ల పోయేటోళ్లు ఆగి ఆగి సూసిన్రు. ఒక ముసలామె "ఓ అవ్వా, దీని గుండె గట్టిది తల్లీ" అన్నది. "అవును, గట్టిదే. నువ్వు కూడ కూడికకు రా" అన్న మీదికెళ్లే.

తినేటియి చేసే కాడికి వచ్చేసరికి మా అత్త అడ్డం పడ్డది. నేను మురుకులు చేద్దామని నూనె గంజు తీస్తుంటే చెయ్యి పట్టుకున్నది. "నూనె వద్దు బిడ్డా. నా మోకాళ్లు గుంజుతున్నయ్, పొయ్యి కాడ గంటలు గంటలు కూసోలేను. కేకు నేను చేస్త. బిస్కెట్లు బట్టీల కాల్పిద్దాం."

"నేను కూసుంట పొయ్యి కాడ. నువ్వు పండుకో."

"వద్దన్న గద" అన్నది. గట్టిగన్నది. ఆమె అంత గట్టిగ మాట్లాడుడు నాకు కొత్త. పోనీ తియ్, ముసలిదానికి నొప్పులు, అనుకొని గంజు మల్ల అటక మీద పెట్టిన. నా అంత తెలివి తక్కువది ఇంకోతుంటదా?

మైదా, చక్కెర, డాల్డా, ఏలకులు సంచుల పెట్టుకొని స్టేషన్ ఘన్‌పూర్ పోయిన. ఆడ చందూలాలన్న బేకరీ ఉంటది. కొత్తగూడ దిక్కు తండా ఆయనది, ఎప్పుడో వచ్చి ఈడ బట్టీ పెట్టుకున్నడు. క్రిస్మస్ వస్తే చుట్టుపక్కల ఊర్ల ఆడోళ్లంత ఎవల సామాను వాళ్లు తెచ్చుకొని ఆయన కాడ బిస్కెట్లు కాల్పిచ్చుకుంటరు. పిండి కలిపి, గుండ్రంగ ఒత్తి, రేకు మీద పేరిస్తే ఆయన బట్టీల పెడ్తడు. ఒకళ్లయి ఒకళ్లకు కలవకుంట రేకు అంచు మీద సుద్దతోని ఇంటి పెద్ద పేరు రాస్తడు.

నా వంతొచ్చింది. సుద్ద పట్టుకొని, "ఎవల పేరు రాయాలె అక్కా?" అన్నడు.

"సంతోష్" అన్న.

వెనుక లైన్ల మా ఊరోళ్లున్నరు. అప్పటిదాక చక్కెర తక్కువైంది, డాల్డా ఎక్కువైంది అని లొల్లి పెట్టేటోళ్లు వంగి సంచులు సర్దుకున్నరు. చందూలాలన్నకు కూడ ఎరుకే. ఆయన బట్టీ మంట దిక్కు సూసిండు, నా దిక్కు సూసిండు. "సాలమ్మవ్వ పేరు రాయనా అక్కా?" అన్నడు మెల్లగ.

"అన్నా, నీకు రాయొస్తదా రాదా? నేను రాయాల్నా?"

రాసిండు పాపం. కాలి బయటికొచ్చేసరికి బిస్కెట్లు మంచిగ ఎర్రగొచ్చినయ్. నేను డబ్బాల నింపుకొని అందరి ముంగటికెళ్లి తలకాయ ఎత్తుకొనే వచ్చిన. బస్సెక్కినంక మాత్రం కొంగు మొఖం మీదికి గుంజుకొని కూసున్న. గది ఎవలకూ చెప్పలే.

ఇంటికొచ్చేసరికి అత్త కేకు పెట్టి ఉన్నది. పాత గంజుల ఇసుక పోసి కాగవెట్టి, దాంట్ల కేకు గిన్నె దించి, మీద మూతేసి, సన్న సెగ మీద పెట్టుడు ఆమె పద్ధతి. వాసన ఇల్లంత కమ్ముకున్నది. ఆమె స్టూల్ మీద కూసొని గంజు దిక్కే సూస్తున్నది. "అత్తా, అంచు కొంచం మాడనియ్యి, ఆయనకు గట్లనే ఇష్టం" అన్న. ఆమె గంజు మూత సక్కబెట్టింది.

పొద్దుగూకంగ అందరొచ్చిన్రు. నేననుకోలే గంత మంది వస్తరని. సీరియల్ బల్బులు ఏసిన, చాపలు పరిచిన, వాకిలి నిండింది. పిల్లలు బుడగలు పగలగొట్టుకుంట ఒకటే గత్తర. డప్పు కొట్టిన్రు, చప్పట్లు కొట్టిన్రు, పాటలు పాడిన్రు. నా పానం నిమ్మళమైంది. మనసులనే ఆయనతోని అన్న, సూడు, మనింటికి అందరొచ్చిన్రు, నువ్వు ఏడున్నవో గని జల్ది రా. అట్ల నేను సంబురపడ్డది ఆ కొద్దిసేపే.

పాస్టరయ్య ప్రార్థన చేసుకుంట, "ప్రభువా, దుఃఖంల ఉన్న ఈ కుటుంబాన్ని ఆదరించు" అన్నడు. కండ్లు మూసుకొనే పండ్లు కొరికిన. దుఃఖమెవలకయ్యా? అని అడుగుదామనుకున్న. ప్రార్థన నడుమ బాగుండదని ఊకున్న. ఆమెన్ అన్నంక బిస్కెట్లు, కేకు ముక్కలు పల్లెంల పెట్టుకొని పంచుడు మొదలువెట్టిన. "తీసుకో అక్కా, తిను వదినా" అనుకుంట తిరిగిన. అందరు చేతుల పట్టుకున్నరు. ఒక్కలు కూడ నోట్లె పెట్టలే. అందరు దర్వాజ దిక్కు సూస్తున్నరు.

మా అన్న నగేష్ వచ్చిండు. దేవరుప్పుల నుంచి ఆటో మాట్లాడుకొని వచ్చిండు. ఒక చేతిల నూనె డబ్బ, ఇంకో చేతిల రుబ్బిన పప్పు గిన్నె. నా మొఖం దిక్కు సూడకుంట సక్కగ వాకిట్ల కట్టెల పొయ్యి కాడికి పోయి కూసున్నడు.

పల్లెం ఏడ పడేసిన్నో యాది లేదు. ఉరికిపోయి నూనె డబ్బ గుంజిన. "నిన్నెవలు రమ్మన్నర్రా? ఎవలు సచ్చిన్రని తెచ్చినవ్ నూనె? మా ఇంటికొచ్చి నా మొగన్ని సంపుతవా? అన్నవేనా నువ్వు?" అన్న. మా అన్న ఏడ్సుకుంటనే డబ్బ ఇడ్వకుంట పట్టుకున్నడు. "చెల్లె, నేను నా అంతల నేను రాలే" అన్నడు.

"నేనే రమ్మన్న" అన్నది మా అత్త.

ఎనక్కి మల్లి సూసిన. అందరి నడుమ నిలవడ్డది. "మంజుల ఫోన్లకెళ్లి మీ అన్నతోని మాట్లాడిన. నేనే నూనె తెమ్మన్న."

"అత్తా, నువ్వా? నువ్వు నా దిక్కు ఉన్నవనుకున్న గద."

"నీ దిక్కే ఉన్న బిడ్డా. ఉండి ఉండి సచ్చిపోతున్న." ఆమె గొంతు పురాగ మారింది. "నువ్వు మానుకోట పోయిన నాడు నేను వాగు కాడికి పోయిన. బండి దొరికిన పొద కాడ కూసొని, ఎవలన్న సూస్తున్నరా అని అటిటు సూసి ఏడ్సిన. కడుపున వుట్టిన కొడుక్కు దొంగలెక్క ఏడ్సిన సుమా. మల్ల మొఖం కడుక్కొని ఇంటికొచ్చి నీకు అన్నం పెట్టిన. నువ్వు ఆయనకు గిది ఇష్టం, గది ఇష్టం అంటవు. నేను దినాం ఇని గుటకలు మింగుత. ఇగ నాతోని కాదు. నా కొడుకు పోయిండు. నాకెరుక. నీకు గూడ ఎరుక."

"నాకెరుక లేదు" అని ఒర్రిన.

"నేను నీకు మాటిచ్చిన. నువ్వు గారె తినకుంటే నేను ఏడ్వొద్దు. ఒక్కపారి నా వాకిట్ల, వాని పేరు వెట్టి, నోరు నిండ ఏడ్వనియ్యి. నీ కాళ్లు మొక్కుత" అని నిజంగనే వంగింది. మోకాళ్లు వంగక పక్కకు ఒరిగింది. మంజుల పట్టుకున్నది.

నా చేతులు నూనె డబ్బ ఇడ్సినయ్. పొయ్యి అంటుకున్నది, నూనె కాగింది. అన్న గారెలేసిండు. ఒకటి తీసి, ఊది, నా నోటి కాడికి పట్టుకొచ్చిండు. నేను పండ్లు కరిచి పట్టుకున్న. నా నోరు నేను మూసుకున్నంత సేపు సంతోష్ బతికే ఉంటడు. గింత చిన్న పనికి నాకు బలం లేదా? సచ్చేదాక మూసుకొని ఉండగల్గుత నేను, అంత మొండిదాన్ని.

కింద కూసున్న మా అత్త నా మొఖం దిక్కే సూస్తున్నది. ఆయన నాకు మొగడు కాకముందుకెళ్లే ఆమెకు కొడుకు. ఆమె ఏడ్పును గిన్ని నెల్లు నేను గొంతుల కుక్కి పెట్టిన.

నోరు తెరిచిన. అన్న గారె పెట్టిండు. నమిలిన. మింగిన.

అత్త ఒక్కపారే నేలకు తలకాయ కొట్టుకొని, "నా సంతోషూ, నా కొడుకా, నీళ్లు మింగినవా బిడ్డా" అని రాగం తీసింది. అది ఇనుడుతోనే ఆడోళ్లంత అందుకున్నరు. వాడ వాడంత ఏడ్సింది. నేను కూడ ఏడుద్దామని సూసిన. రాలే. ఏం రాలే. కడుపుల ఆకలి లేసింది. వాగు పొంగిన నాటిసంది అన్నమంటే మన్ను తిన్నట్టే ఉండె నాకు, ఇప్పుడు గా ఒక్క గారెకు పేగులు అర్సుతున్నయ్. మొగడు సచ్చిపోయిండని అందరి ముంగట ఒప్పుకున్న గడియలనే ఆకలైతదా ఆడిదానికి? సిగ్గు లేదా? నా మీద నాకే రోత పుట్టింది. అయినా అన్న దిక్కు చెయ్యి సాపిన.

"ఇంకోటి పెట్టు అన్నా" అన్న.