ఏడో పొద్దు

పొద్దు పొడవగానే విరజ లుంబినీ తోపులో సాలచెట్ల ఆకులు ఏరుకుని అక్కడే కూచుని విస్తర్లు కుడుతుంది. ఆమె తలపైన, తాళ్లతో పైకి కట్టేసిన కొమ్మ ఒకటి ఉంటుంది. ఊళ్లో ఎవరికి నొప్పులొచ్చినా అది కిందికి వంగాలని గింజుకుంటుంది. దాన్నెవరూ వింతగా చూడరు. రాణిగారు పుట్టింటికి పోతూ దారిలో ఆ కొమ్మ పట్టుకుని నిలబడే బిడ్డను కన్నది. ఏడోనాడు కన్నుమూసింది. అప్పటినుంచి దాన్ని పట్టుకున్న తల్లి ఏడో పొద్దు దాటదని శాక్యుల భయం. అందుకే వానలకు ముందు తాళ్లు మార్చి మరీ బిగిస్తారు.

విరజ వదిన సోమకు నెలలు నిండాయి. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. ఆమెదేమో రోహిణి ఏటికి అవతల కోలియుల ఊరు. బండి కట్టేసరికి ఏరు పొంగింది. నొప్పులు మొదలై రెండో పొద్దు వాలుతున్నా బిడ్డ కదల్లేదు. ఇక నా వల్ల కాదని మంత్రసాని చేతులు కడుక్కుని వెళ్లిపోయింది.

"నన్ను చెట్టు కిందికి తీసుకుపో," అంది సోమ.

"వద్దు వదినా. అన్నకు నేనేం చెప్పుకోను?"

"ఏడు రోజులు చాలే పిల్లా. ఇక్కడుంటే ఇవాళే ఇద్దరమూ పోతాం."

విరజ ఆమెను భుజానికి ఆనించుకుని నడిపించుకెళ్తే, తోపు కాపలా ఉండే వప్ప తాత అడ్డం వచ్చాడు. రాణికే తప్పలేదు, కుమ్మరింటి కోడలికి తప్పుతుందా అని ఈసడించాడు.  విరజ కొడవలి నడుముకు దోపుకుని చెట్టెక్కి తాళ్లు కోసేసింది. కొమ్మ మెల్లగా, ఎన్నాళ్లనుంచో తెలిసిన చెయ్యిలా, సోమ అరచేతుల్లోకి వంగింది. దీపాల వేళకు ఆడపిల్ల పుట్టింది.

ఆ తరవాత విరజకు కూడు సయించలేదు. బిడ్డను ఎలా పడుకోబెడితే ఏడుపు మానుతుందో సోమ ఓపిగ్గా చెబుతుంటే, చెవులు మూసుకుని ఎటైనా పారిపోవాలనిపించేది. తాళ్లు కోసింది తనే కదా. ఆరోనాడు సోమ ఒళ్లు పెనంలా కాలింది. అన్న మట్టి ముట్టకుండా చక్రం ముందే కూలబడిపోయాడు.

ఏడోనాడు తెల్లారుతుండగా వప్ప తాత వాకిట్లో తిట్లు లంకించుకున్నాడు. కొమ్మ మొదలంటా ఎండిపోయిందట. ఒక్క ఆకు మిగల్లేదట. కోటలో వాళ్లకు తనేం చెప్పుకోవాలట.

విరజ లోపలికి పరుగెత్తి వదిన నుదుటి మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది. 

సోమ కళ్లు విప్పింది.

"గంజి ఉందా పిల్లా? ఆ ముసలాయన్ని కూచోమను. ఆయనక్కూడా పోద్దువు."