రేవుకు తాళం

నాకు అన్నిటికంటే భయం మా ఆయన వంశీ ఆ కాలవ గట్టు దిగడం. పాము కాదు, తుఫాను కాదు, చంటిదానికి జ్వరం రావడం కూడా దాని తర్వాతే. పొద్దున్నే వంశీ గుడ్డల మూట భుజానేసుకుని గోడ చివరికి వెళ్తుంటే, పిల్లని చంకనెత్తుకుని గుమ్మంలో నిలబడి చూస్తుంటాను. కిందటేడు దాకా అక్కడ దిగిన మనిషి పిచ్చేశ్వరరావు మావయ్య. మాకు చుట్టం కాడు, పక్కింటివాడు. ఆయన దిగిన చివరి రోజు సంగతి ఇది.

ఆ రోజు ఆరింటికి పిచ్చేశ్వరరావు అరుగు మీద కూర్చుని మోకాళ్లకి ఆముదం రాసుకుంటున్నాడు. అరవై నాలుగేళ్లు. నలభై ఏళ్లు నడుము లోతు నీళ్లలో నిలబడ్డ కాళ్లు మోకాళ్ల కింద నుంచి రంగు మారి, ముడతలు పడి, వేరే మనిషివి తెచ్చి అతికించినట్టు ఉండేవి. వేళ్ల సందుల్లో పుండ్లు మానేవి కావు. వాటిలో పసుపు అద్ది, పాత గుడ్డపీలికలు చుట్టుకున్నాడు.

"మూడు మూటలెందుకు? రెండు జాడించి వచ్చెయ్," అంది ఆయన భార్య నాగేశ్వరమ్మ గంజి గ్లాసు అందిస్తూ.

"ఎల్లుండి కాలవకి నీళ్లు కట్టేస్తారే. మిగిలింది నీ నీళ్ల గాబులో జాడించనా?"

"నా గాబు జోలికొస్తే నిన్నే జాడిస్తాను."

ఆయన నవ్వి గంజి తాగాడు.

పెడన పక్కన మాది చిన్న ఊరు. అద్దకమే బతుకు. చెక్క అచ్చుతో పటిక జిగురు అద్దిన గుడ్డని రెండు రోజులు ఆరబెట్టి, పారే నీళ్లలో జాడించి, మిగులు పటికని వదిలించాలి. ఆ తర్వాత రంగునిచ్చే వేరు వేసి ఉడకబెడితే పటిక నిలిచిన చోట ఎరుపు ఎక్కుతుంది. అదే నిలవ నీళ్లలో ముంచితే వదిలిన పటిక పోయి తెల్ల చోటుకి అంటుకుంటుంది. అప్పుడది కంటికి ఆనదు. ఉడకబెట్టాక చూస్తే గుడ్డంతా మరకలే. అందుకని మాకు కాలవ కావాలి, కాలవలోకి దిగడానికి రేవు కావాలి. ఊరికి ఉన్నది ఒక్కటే రేవు.

ఆ రేవుని మేమే ఇచ్చేశాం.

మూడేళ్ల కిందట గ్రాంటు వచ్చిందన్నారు. ముందు ముందు పెద్ద వ్యాపారాలు రావడానికి షెడ్డు, తొట్లు, కాలవలోకి మెట్లు అన్నీ ప్రభుత్వమే కట్టిస్తుందట, స్థలం మాత్రం ఊరు చూపించాలట. ఊరుమ్మడిగా మాకున్న జాగా రేవు ఒక్కటే. సంఘం ప్రెసిడెంటు గోవర్ధనరావు చెబుతుంటే అర్జీ రాసింది నేను. తొమ్మిదిలోనే బడి మానిపించారు గానీ నా దస్తూరి గుండ్రంగా ఉంటుంది. రేవు స్థలం మొత్తం ఇస్తున్నామని రాశాను. కాలవకి దారి మాత్రం మాకు ఉంచాలి అని ఒక్క ముక్క రాయాలని నాకు తట్టలేదు. అక్కడున్న అరవై మందిలో ఒక్కరికీ తట్టలేదు. మన రేవులోకి మనల్ని రానివ్వకపోవడమేమిటి, అలాంటిది ఎవరికి తోస్తుంది?

మొదటి సంతకం పిచ్చేశ్వరరావుదే. "సిమెంటు మెట్లేనా? పట్టుకోడానికి కడ్డీ కూడా పెడతారా?" అని రెండుసార్లు అడిగి మరీ పెట్టాడు. ఆ రోజు తీసిన ఫోటోలో ముందు వరసలో నిలబడ్డాడు.

షెడ్డు లేచింది. చుట్టూ గోడ, గోడకి గేటు, గేటుకి తాళం. మెట్లు గోడ లోపల పడ్డాయి. పెద్దవాళ్లొచ్చి రిబ్బను కోసేదాకా ఎవరినీ పోనివ్వొద్దన్నారు. ఆ తేదీ నాలుగుసార్లు మారింది. అద్దకం వాళ్ల కోసమని లోపల నిలవ నీళ్ల తొట్లు కట్టారు. ఆ తొట్లు కట్టినవాళ్లు ఒక్కరోజైనా ఒక్క గుడ్డ జాడించి ఉంటే కట్టేవాళ్లు కాదు. పదకొండు నెలలుగా పిచ్చేశ్వరరావు గోడ చివర, గట్టు కోసుకుపోయిన చోట, ఒక వెదురు కర్ర పాతుకుని దాన్ని పట్టుకుని దిగుతున్నాడు.

ఆ రోజు మూటలు గట్టు మీద దించి, ముందు గోవర్ధనరావు ఇంటికి వెళ్లాడు. గోవర్ధనరావు గుమ్మంలో బండి తుడుచుకుంటున్నాడు.

"తాళంచెవి ఇవ్వు బాబూ. రెండు రోజులే. మోకాళ్లు ఆగట్లేదు."

"నా చేతుల్లో ఏముంది బాబాయ్. మెట్లకి టైల్స్ వేశారు, పటిక పడితే మచ్చలొస్తాయి. అయినా అదంతా మీకోసమే కదా."

"మాకోసమైతే చెవి మీ ఇంట్లో ఎందుకుంది?"

"రేపు ఎగుమతులవీ వస్తే నువ్వే అంటావు చూడు, గోవర్ధనం మంచి పని చేశాడని."

"కాలవ ఎల్లుండి ఆగిపోతుందయ్యా. నీ ఎగుమతులు అప్పటికి వస్తాయా?" అన్నాడు పిచ్చేశ్వరరావు. "రిబ్బన్‌కి కత్తెర లేక ఆగితే చెప్పు, మా ఇంట్లో ఉంది."

గోవర్ధనరావు నవ్వాడు గానీ చెవి ఇవ్వలేదు.

పిచ్చేశ్వరరావు గట్టుకి తిరిగొచ్చి, కర్ర పట్టుకుని, ఒక కాలు మట్టిలో నొక్కి చూసుకుని, రెండో కాలు దించి, మూటని నెత్తిమీద నిలుపుకుని దిగాడు. మొదటి మూట తొమ్మిదింటికి అయింది. గుడ్డ ఒక అంచు మణికట్టుకి చుట్టుకుని మిగతాది నీళ్లలోకి వదిలేవాడు. అది ప్రవాహానికి బారుగా సాగి, ముడత లేకుండా ఆడుతుండగా కళ్లు చికిలించి చూస్తూ నిలబడేవాడు. ఎంతసేపని అడిగితే చెప్పలేడు. చాలు అని చేతికి తెలిసినప్పుడు లాగేవాడు. తడిసిన గుడ్డలన్నీ భుజాన వేసుకుని మళ్లీ అదే గట్టు ఎక్కాలి. ఎక్కి, గడ్డి మీద పరిచి, రెండో మూటతో మళ్లీ దిగాలి.

మధ్యాహ్నం నాగేశ్వరమ్మ ఇచ్చిన అన్నం క్యారేజీ నేనే తీసుకెళ్లాను. గోడ నీడలో కూర్చుని తిన్నాడు. ముద్ద ముద్దకీ ఆగాడు. ఎడమ భుజం నొక్కుకుంటున్నాడు. మూటలు మోసిన నొప్పి అనుకున్నాను.

"మిగతాది రేపు జాడించకూడదా మావయ్యా?"

"రేపు నీళ్లు తగ్గిపోతాయమ్మా. ఇది వంశీ అద్దినదే. పాడైతే మీకే నష్టం." చంకలో పిల్లని చూసి కన్ను గీటాడు. "ఈసారి అర్జీ రాసినప్పుడు తాళంచెవికి కూడా ఒకటి రాయవే. నీ దస్తూరి బాగుంటుంది."

ఎగతాళికే అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు ఇప్పటికీ అన్నం తినేటప్పుడు గుర్తొస్తుంది.

పిల్లని నిద్రపుచ్చడానికి నేను ఇంటికి వచ్చేశాను. ఆయన మూడో మూటతో దిగాడు.

నాలుగైనా రాకపోతే వంశీ వెళ్లాడు. వంతెన మీద ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారట. జాడిస్తున్నాడుగా, ఇందాకట్నుంచీ చూస్తున్నాం అన్నారు. గుడ్డ ప్రవాహంలో బారుగా, ముడత లేకుండా ఆడుతోంది. దాని అంచు ఆయన మణికట్టుకే ఉంది. మనిషి మాత్రం గోడ పునాదికి ఆనుకుని, గడ్డం గుండెల మీద వాల్చి ఉన్నాడు. ఎప్పుడు పోయాడో ఎవరికీ తెలియదు.

ఆ గట్టు మీంచి పైకి తేవడం నలుగురి వల్ల కాలేదు. అప్పుడు దొరికింది తాళంచెవి. ఐదు నిమిషాల్లో గోవర్ధనరావే బండి మీద తెచ్చి గేటు తీశాడు. "ఇటు నుంచి తీసుకురండి, మెట్లున్నాయి," అన్నాడు. అవును, ఉన్నాయి.

ఆ మెట్ల మీదనుంచే తెచ్చారు. నాగేశ్వరమ్మ ఏడవలేదు. కిందికి వంగి పై మెట్టుని అరచేత్తో తడిమింది.

"నున్నగా కట్టారు," అంది.

మర్నాడు మెట్లు ఫినాయిలుతో కడిగించి మళ్లీ తాళం వేశారు. చావు జరిగిన చోట ప్రారంభోత్సవం ఎలాగని తేదీ ఐదోసారి మారింది. మేము ఆ మూటని ఉడకబెట్టాం. ఆఖరి గుడ్డలో కూడా తెల్ల చోటు తెల్లగానే ఉంది.

ఇప్పుడా పని వంశీది. ఇంకెవరూ దిగడానికి ఒప్పుకోలేదు. నేను నాలుగు అర్జీలు రాశాను, అవే గుండ్రటి అక్షరాలతో. జవాబు లేదు. నెలాఖరుకి మళ్లీ కాలవ కట్టేస్తారు, ఇంట్లో మూటలు పేరుకున్నాయి. నేను పిల్లని వదిలి ప్రతిసారీ వెళ్లి చూడలేను.

మీరెప్పుడైనా బందరు నుంచి గుడివాడ బస్సులో వెళ్తే, పెడన దాటాక వంతెన దగ్గర ఒక్క నిమిషం దిగండి. పసుపు గోడ కనపడుతుంది. దాని మీద బోర్డు చదవకండి, గోడ చివరికి వెళ్లండి. గట్టు మీద మావయ్య పాతిన వెదురు కర్ర ఇంకా ఉంది, చేతులు పట్టీ పట్టీ ఒకచోట నున్నగా అరిగింది. వంశీ నీళ్లలోకి దిగేటప్పుడు చొక్కా దానికి తగిలిస్తాడు. గుడ్డ ఆడుతోంది కదా అని వెళ్లిపోకండి. కర్రకి చొక్కా ఉంటే పేరు పెట్టి పిలిచి, పలికేదాకా ఆగండి.