కినుయో వంటింట్లోకి వచ్చిన ఎండ

ఇలా దగ్గరికి జరగండి, కాళ్ళు దుప్పటి కింద పెట్టుకోండి. మన మంచుకొండల్లో మంచు పేరుకోని ఏడాది ఒకటుంది. ఆ ఏడు కినుయో చేసిన పని చెబుతాను.

కప్పు మీంచి జారే మంచు అద్దాలు పగలగొట్టకుండా మనం చలికాలం ముందే కిటికీలకు అడ్డంగా చెక్కలు బిగిస్తాం కదా. ఇక వసంతం దాకా ఇంట్లో పట్టపగలే దీపం. ఆ చెక్కలు వాడంతా ఒకే రోజున తీయాలి. ఎవరు ముందు తీస్తే వాళ్ళు మంచును పిలిచినట్టే.

ఆ ఏడు జనవరి సగం గడిచినా ఒక్క మంచు రేకు రాలలేదు. కప్పులెక్కి నడుం విరిగేలా మంచు తోయాల్సిన మగవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని వీధిలో షికార్లు కొడుతూ, ఎదురైన ప్రతివాణ్ణీ "నడుం ఎలా ఉంది?" అని అడిగి, బాగుందంటే పడీపడీ నవ్వేవారు. చెక్కల జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

కాపురానికొచ్చి నలభై ఏళ్ళయినా కినుయో తన వంటింట్లో జనవరి ఎండ చూడలేదు. ఈసారైనా చూడాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోతోంది. మొగుడు జింపాచి ఆ ఏడు వాడకు పెద్ద.

"నువ్వు తీసి ఊరుకుంటావు. రేపు మంచు పడితే తిట్లు తినేది నేను."

"ఎవరు తిడతారో చెప్పు. ముల్లంగి ఊరగాయ పెట్టి నోరు మూయిస్తా."

"వాడలో నోళ్ళు చాలానే ఉన్నాయే, నీ ముల్లంగి చాలదు."

ఓ పూట అతను వేడినీటి బుగ్గకు స్నానానికి వెళ్ళగానే ఆమె ఒక్క చెక్క, ఒకే ఒక్కటి, గాడిలోంచి పైకి లాగింది. ఎండ వచ్చి నేల మీద పడింది. పొయ్యి వెనక మసి, అలమర మీద బూజు, అన్నీ బయటపడ్డాయి. సిగ్గుపడాల్సింది పోయి ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే రెండోది లాగింది, మూడోది లాగింది. పరుపు తెచ్చి ఆ వెలుగులో పరిచి దాని మీద దొర్లింది.

పక్కింటి షిగెనో తొంగి చూసింది. "వదినా, మతి పోయిందా నీకు?"

"పోయింది. నువ్వూ రా, హాయిగా ఉంది."

షిగెనో ఒక కాలు ఎండలో పెట్టింది, ఆపైన రెండోదీ పెట్టింది. "మా పిల్లికి వెంట్రుకలు రాలుతున్నాయి. దానికోసం ఒక్క చెక్క తీస్తే తప్పేముందిలే" అంటూ ఇంటికి పరుగెత్తింది. ఆమెను చూసి ఒకరికి అత్తగారి మోకాళ్ళు గుర్తొచ్చాయి, ఇంకొకరికి పీపాలో ఊరగాయకు పట్టిన బూజు. మధ్యాహ్నానికల్లా వాడంతా చెక్కల చప్పుడే.

జింపాచి భుజాన తడి తువ్వాలుతో వచ్చి వీధి మొదట్లోనే ఆగిపోయాడు. "ముందు తీసిందెవరు?"

అందరూ ఆకాశం వంక చూశారు.

"నేనే" అన్నది కినుయో.

తిడదామనే లోపలికి వచ్చాడు. కూర్చుని తిడదామని ఎండలో కూర్చున్నాడు. తిట్టు సగంలో ఉండగానే నోరు తెరుచుకుని గురకపెట్టాడు.

మూడో రోజు సాయంత్రం మంచు మొదలైంది. వాడంతా ఆమె గుమ్మంలోకి వచ్చింది. జింపాచి లేచి అడ్డంగా నిలబడ్డాడు.

"తిట్టాలంటే నన్ను తిట్టండి. దాన్నేమీ అనొద్దు."

అందరి చూపూ అతని వెనకున్న కిటికీ మీదే. ఆ కిటికీ ఎదుటే ఉన్న వీధి దీపం కింద మంచు రేకులు ఊగుతూ దిగుతున్నాయి.

"ఇంట్లో కూర్చుని మంచు పడటం చూడ్డం ఇదే మొదలు. మంచు పడే రోజుల్లో కిటికీ ఎప్పుడుంది మనకు?" అన్నది షిగెనో. "కాస్త పక్కకు జరగవయ్యా."

అంతే, తోసుకుంటూ అందరూ లోపలికొచ్చి పడ్డారు. కినుయో టీ పోసింది, ముల్లంగి కోసింది. పొద్దుటికి మంచు కరిగి వీధిలో తడి తప్ప ఏమీ మిగల్లేదు. చెక్కలు మళ్ళీ బిగించినవాళ్ళూ లేరు.

ఈ సంగతి మరిచిపోకండి. మంచు నడుముదాకా పేరుకుని పిల్లలు చీకట్లో విసుక్కునే ఏడాదిలో వాళ్ళకు చెప్పండి. ఆ అద్దం ముందు చోటు కోసం మేం ఒకళ్ళనొకళ్ళం తోసుకున్నామని కూడా చెప్పండి.