తెల్ల బూట్ల డేవిడ్‌రాజు

డేవిడ్‌రాజుకి పందులంటే ప్రాణం, పందుల్ని మేపేవాళ్ళంటే అసహ్యం. ఆయన లెక్కలో ఈ జిల్లా మొత్తానికి పందుల రైతు తనొక్కడే. పొందూరు దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసి, సిమెంటు గచ్చు చేయించి, ఫ్యాన్లు బిగించి, సీమపందుల్ని పెంచుతున్నాడు. మిగతావాళ్ళంతా పొద్దున్నే పందుల్ని పెంటల మీదికి తోలేసి, సాయంత్రం వెతుక్కునే బాపతు. ఆ బాపతులో మొదటివాడు స్వయానా బావమరిది విక్టర్. ఆమదాలవలసలో రైలుపట్టాల పక్కన గుడిసె, దాని చుట్టూ నల్లపందులు. వాడి పేరెత్తితే చాలు, డేవిడ్‌రాజు ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకునేవాడు. ఎదురుగా ఆయన భార్య కాంతం, అంటే విక్టర్ అక్క, ఉందన్న ఇంగితం కూడా ఉండేది కాదు.

ఆయన గొప్పంతా రెండు వస్తువుల్లో ఉంది. ఒకటి, విశాఖపట్నం వెళ్ళి మరీ కొనుక్కొచ్చిన తెల్ల రబ్బరు బూట్లు. షెడ్డులోకి అవే, సంతకి అవే, ఆఖరికి చర్చి కమిటీ మీటింగుకీ అవే. రెండోది గేటు దగ్గర కట్టించిన మందునీళ్ళ తొట్టి. దాని మీద బోర్డు కూడా రాయించాడు: ‘కాళ్ళు ముంచి లోపలికి రావలెను. ఎవరికీ మినహాయింపు లేదు.’

మినహాయింపు ఒకరికి ఉంది. ఎవరికో చెప్పక్కర్లేదు. మేత తెచ్చే ఆటోవాడు ముంచాల్సిందే, కాంతం రోజుకి పదిసార్లు ముంచాల్సిందే. దొరవారు మాత్రం ఆ తొట్టిని ఒక్క అంగలో దాటేసేవారు.

“నువ్వూ ముంచొచ్చు కదా మావా,” అని కాంతం ఒకసారి అడిగింది.

“ఈ ఊదా నీల్లకి తెల్లబూట్లు మరకలు పడిపోతాయే. అయినా నానేటి బయటోడినేటి?”

ఇంత శుభ్రం చేసినా ఆయన మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. చర్చి వార్షికోత్సవం విందులో ఒకప్పుడు పంది కూర ఉండేది. కొన్నేళ్ళుగా మానేసి కోడికూరతో సరిపెడుతున్నారు. మళ్ళీ పంది కూర పెట్టాలి, అది తన షెడ్డుదే అవ్వాలి, తిన్న పెద్దలంతా లేచి నిలబడి శుభ్రమైన మాంసమంటే డేవిడ్‌రాజుదే అనాలి. ఆ ఒక్క మాట కోసం మనిషి నిద్ర మానుకున్నాడంటే నమ్మండి.

కమిటీలో పెద్ద అడ్డు యమున టీచరు. స్త్రీల సమాజం అధ్యక్షురాలు. కోడిపకోడీ ఎక్కడి కోడిదో, ఏ నూనెలో వేగిందో ఏనాడూ అడిగిన మనిషి కాదుగాని, పంది అనేసరికి ఆమెకి ఆరోగ్యం గుర్తొచ్చేది.

“పంది మాంసంలో పురుగుంటాదట. మెదడుకెక్కీస్తాదట,” అంది ఆమె.

“ఆ పురుగు మనిసి పెంటలోంచి పందికి పట్టింది టీచరుగారూ. మా పందులు తవుడూ మొక్కజొన్నా తప్ప మరేటీ ముట్టవు. బాగా ఉడకబెడితే ఏ పురుగూ బతకదు.”

చెప్పింది నిజమే. డేవిడ్‌రాజుతో వచ్చిన చిక్కే అది. చెప్పేవన్నీ నిజాలే చెప్తాడు, వినేవాళ్ళ ఒళ్ళు మండేలా చెప్తాడు. ఇంచుమించు ఒప్పుకోబోతున్న సమయంలో వెనకనుంచి ఎవరో, ఆమదాలవలసలో పందులు చచ్చిపోతున్నాయటగా అన్నారు. అంతే, మళ్ళీ మొదటికొచ్చింది. డేవిడ్‌రాజు ఇంతెత్తున లేచాడు.

“వీదిపందులు సావక ఏటి సేస్తాయి? ఆటికీ నా ఆటికీ తేడా ఏటో ఈడియో తీసి మీ పోన్లకే పంపిస్తాను. కల్లారా సూసుకోండి.”

ఆ సాయంత్రమే బండెక్కి ఆమదాలవలస వెళ్ళి, దిగుతూనే ఫోను తీసి వీడియో మొదలుపెట్టాడు. పాపం విక్టర్ ఎదురొచ్చి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

“ఇటు రాకు బావా. ఏదో పాడు రోగం. ముట్టుకున్న పందల్లా పడిపోతన్నాది. నీ షెడ్డుకి అంటుకుంటాది.”

“నా పందులకి నీ పందుల రోగం రావడానికి ఆటి మద్దిన సుట్టరికమేటిరా,” అని తన మాటకి తనే నవ్వుకుని, డేవిడ్‌రాజు ఫోను పైకెత్తి పట్టుకుని లోపలికి నడిచాడు.

చచ్చిన పందుల మధ్య, చస్తున్న పందుల మధ్య, ఆ బురదలో, ఆ రక్తంలో తిరిగాడు. విక్టర్ గుడిసె గోడకి చేరగిలబడి ఏడుస్తుంటే వాడినీ తీశాడు. ‘శుభ్రం లేకపోతే ఇదే గతి’ అని వ్యాఖ్యానం కూడా చెప్పాడు. బయటికొచ్చి బూట్ల పైభాగం చేతిరుమాలుతో తళతళలాడేలా తుడుచుకున్నాడు. అడుగున ఏముందో చూసుకోలేదు. కనిపించని చోట శుభ్రం చేసే అలవాటు ఆయనకెప్పుడుంది గనక.

వెలుతురుండగానే తిరిగొచ్చి, తొట్టిని ఒక్క అంగలో దాటి, అదే ఊపులో తన షెడ్డులో మిగతా సగం వీడియో తీశాడు. తెల్లటి పందులు, కడిగిన గచ్చు, తిరుగుతున్న ఫ్యాన్లు. చివరన తన బూట్లు కూడా చూపించాడు.

కమిటీ ఒప్పుకుంది. యమున టీచరు కూడా తల ఊపింది. డేవిడ్‌రాజు కాళ్ళు నేలమీద నిలవలేదు. విందుకి ఏ పందుల్ని కొయ్యాలో ఎంచిపెట్టుకుని, వాటికి రోజూ స్వయంగా మేత పోశాడు.

విందు దగ్గరపడుతుండగా ఒక పొద్దున్న చూడి పంది మేత ముట్టలేదు. చెవులు ఎర్రబారి, ముక్కుల్లోంచి రక్తం కారుతోంది. సాయంత్రానికి పక్క గదిలోవీ పడకేశాయి. పశువుల డాక్టరు శైలజ వచ్చి, రక్తం తీసి పరీక్షకి పంపింది. జవాబొచ్చాక మళ్ళీ వచ్చి నెమ్మదిగా చెప్పింది. పందుల జ్వరం, మందు లేదు, మనుషులకి ఏమీ కాదుగాని షెడ్డులో ఒక్కదాన్ని కూడా ఉంచడానికి లేదు.

“బయటి నుంచి ఎవరైనా వచ్చారా?” అని అడిగింది.

“సీమైనా రాదండి. తొట్టిలో కాళ్ళు ముంచకుండా ఎవుడూ రాడు,” అన్నాడు డేవిడ్‌రాజు.

శైలజ ఆయన కాళ్ళవైపు చూసింది. “మీ వీడియో మా ఫోన్లకీ వచ్చిందండి. రెండు చోట్లా ఇవే బూట్లు,” అంది.

డేవిడ్‌రాజు కాంతం వైపు తిరిగాడు, ఏదైనా సాయం మాట చెప్తుందేమోనని. కాంతం కళ్ళు తుడుచుకుంటోంది.

“మా తమ్ముడు సేతులడ్డం పెట్టినాడు. అదీ నీ ఈడియోలోనే ఉన్నాది,” అంది.

మర్నాడు ప్రభుత్వం మనుషులొచ్చి షెడ్డులో పందులన్నిటినీ చంపేసి వెళ్ళారు. షెడ్డు వెనక పెద్ద గొయ్యి తవ్వి, పందుల్ని పడేసి, సున్నం చల్లడం ఇక ఇంటివాళ్ళ వంతు. ఊళ్ళో ఒక్కడు సాయానికి రాలేదు. కమిటీ నుంచి యమున టీచరు ఫోనొచ్చింది, ఓదార్పుకి కాదు, కోడికూర ఖాయం చేశామని చెప్పడానికి. మధ్యాహ్నం దాటాక గేటు దగ్గర విక్టర్ కనిపించాడు, భుజాన పారతో. తొట్టిలో దిగి నిలబడి, చీలమండల దాకా తడుపుకుని లోపలికొచ్చాడు. బావని ఒక్క మాట అనలేదు. సాయంత్రం దాకా మట్టి లాగాడు.

వెళ్ళేటప్పుడు మళ్ళీ తొట్టిలో దిగాడు. ఈసారి పారని కూడా ముంచి, చేత్తో రుద్ది రుద్ది కడిగాడు.

డేవిడ్‌రాజుకి అది చూడడం కష్టమైపోయింది. “ఇంకేటి మిగిలుందనిరా ఆ కడుగుడు? నీయీ పోనాయి, నాయీ పోనాయి,” అన్నాడు.

“దారిలో అమ్మడత్త పందులున్నాయి కదా బావా,” అన్నాడు విక్టర్. “పాపం ఆవిడయి ఇంకా బాగున్నాయి.”

డేవిడ్‌రాజుకి బజారుకెళ్ళి మరింత సున్నం తేవాల్సిన పని ఇంకా ఉంది. గేటు దాకా వచ్చి, అలవాటు కొద్దీ తొట్టిని దాటడానికి కాలెత్తాడు.

“దిగు మావా,” అంది వెనకనుంచి కాంతం.

దిగాడు. నీళ్ళు ఊదాగా బూట్ల మీదికెక్కాయి. కాంతం చాలననేదాకా అందులోనే నిలబడ్డాడు.