కోతికి మన భాష రాదు

మా ప్రిన్సిపాల్‌ను పిల్లలు మైకుసారు అంటారు. చేతిలో మైకుంటే చాలు, ఆయనకు ఒళ్లు తెలియదు. ఆయన మీద నాకున్న కోపం ఇవాళ్టిది కాదు.

నేను చిన్న తరగతుల పిల్లలకు పరాయి భాష నేర్పుతాను. నిజానికి నేర్పేది నేను కాదు, నా చేతికి తొడుక్కునే గుడ్డ కోతి. దానికి మన భాష ఒక్క ముక్క రాదు. దానితో ఆడాలన్నా పోట్లాడాలన్నా దాని భాషలోనే మాట్లాడాలి. మన భాషలో ఏమైనా అంటే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపుతుంది, అంతే. పిల్లలు కిందామీదా పడి దాని మాటలు వెతుక్కుంటారు. కోతి నోట పొరపాటున మన మాట ఒక్కటి దొర్లినా ఆ కష్టం ఇంకెవరు పడతారు?

రెండో తరగతిలో ఒక పిల్ల ఉంది. వాళ్ల నాయనమ్మ గువ్వ అని పిలుస్తుంది. ఇంట్లో వసపిట్టేనట, బడిలోకి అడుగు పెడితే మాత్రం మూగనోము. టీచర్లంతా బతిమాలి, బెదిరించి, విసిగి వదిలేశారు. ఒకరోజు గువ్వ నా మోచేతి దగ్గరికి జరిగి, తన పెన్సిలు చూపించి, కోతి చెవిలో "ఇది నాది" అంది, కోతి భాషలో. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటినుంచి వాళ్లిద్దరికీ రోజూ గుసగుసలే.

మైకుసారుకు గుసగుసలు పనికిరావు. తల్లిదండ్రుల సభ దగ్గరపడుతుండగా నన్ను తన గదికి పిలిచాడు.

"ఆ మూగమొద్దు మనకెందుకమ్మా? సీటు కోసం బయట ఎంతమంది కాచుక్కూచున్నారో తెలుసా?"

"మూగ కాదు సార్. మాట్లాడుతోంది."

"ఎవరితో?"

"కోతితో."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయితే సభలో అందరి ముందూ మాట్లాడించండి, చూద్దాం. నోరు విప్పిందా, ఉంటుంది. లేదా, వాళ్ల నాయనమ్మకి మీరే చెప్పి పంపించెయ్యండి."

ఏడేళ్ల పిల్లకు ఇదేం పరీక్షండీ! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఉద్యోగం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

సభ రోజు హాలు నిండా కుర్చీలు, కుర్చీల నిండా ఫోన్లెత్తి పట్టుకున్న అమ్మానాన్నలు. ముందు వరుసలో గువ్వ నాయనమ్మ చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చాప మీద పిల్లలు కోతితో కబుర్లలో పడి జనాన్నే మరిచిపోయారు. కోతి గువ్వ వైపు తిరిగింది. గువ్వ ఊపిరి పీల్చుకుంది. పెదవులు కదిలాయి.

"గట్టిగా! వెనకాల వినిపించట్లేదు!" అంటూ వచ్చిపడ్డాడు మైకుసారు. "మీవల్ల కాదు గానీ ఇటివ్వండమ్మా." నేను వద్దు వద్దంటున్నా నా చేతినుంచి కోతిని లాగేసి తన చేతికి తొడుక్కున్నాడు. మైకు దాని మూతి దగ్గర పెట్టి, అచ్చం మన భాషలో, "హలో పిల్లలూ! నేనేనర్రా మీ కోతిని! బాగున్నారా?" అన్నాడు.

పెద్దవాళ్లు పకపకా నవ్వారు. పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు. "దీనికి మన భాష వచ్చా? మరి ఇన్నాళ్లూ రానట్టు నటించిందా?" అన్నాడు ముందు పళ్లు ఊడిన ఒక బుడ్డోడు, ఏడుపు గొంతుతో. నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరైంది. ఉద్యోగం పోతే పోయింది, ఇవాళ ఈయన్ని కడిగెయ్యాల్సిందే అని అడుగు ముందుకేశాను.

నాకంటే ముందే గువ్వ లేచింది. మొహం జేవురించింది. రెండు చేతులతో కోతి తోక పట్టి ఒక్క గుంజు గుంజింది. కోతి ఊడివచ్చింది. ఆయన చేతిలోని మైకులోకే, కోతి భాషలో, హాలు దద్దరిల్లేలా మూడు ముక్కలు అరిచింది. ఆట మధ్యలో తోసుకొచ్చే పిల్లలతో నేను రోజూ అనే మాటలే అవి.

ఆ భాష పేరు చెప్పి బడి నడుపుతున్న మైకుసారుకు అందులో అక్షరమ్ముక్క రాదు. చప్పట్లు కొట్టాడు. "చూశారా! నోరు విప్పని పిల్ల చేత మాట్లాడించాం! అదీ మా బడంటే! అమ్మా, పాప ఏమందో పెద్దలకి చెప్పండి."

మైకు అందుకున్నాను. "ఉన్నదున్నట్టు చెప్పమంటారా సార్?"

"చెప్పండమ్మా, మొహమాటమెందుకు!"

"తోసుకోకు. నీ వంతు కాదు. వెళ్లి నీ చోట్లో కూర్చో. ఇదీ సార్ పాప అన్నది."

ముందుగా నవ్వింది నాయనమ్మే. ఆ వెనక హాలంతా గొల్లుమంది.

"నోరు విప్పితే సీటు ఉంటుందన్నారు కదా సార్," అన్నాను, మైకు దించకుండానే. "విప్పింది."

ఆయన అంతమంది ముందు కాదనలేక తలూపి కుర్చీ వైపు నడిచాడు. ఆయన కూర్చున్నా నా కోపం మాత్రం చల్లారలేదు.

గువ్వ కోతిని తెచ్చి నా చేతికి తొడిగింది. బుడ్డోడు ఇంకా వెక్కుతూనే ఉన్నాడు. గువ్వ వాడి పక్కన కూర్చుని, బడిలో మొదటిసారిగా, మన భాషలో చెప్పింది.

"ఏడవకురా. కోతికి మన భాష రాదు. అదంతా ఆ సారే అన్నాడు."