సిమెంటు గడ్డ స్పీకర్లు

మా నాయన మారెన్న బళ్ళారి మార్కెట్ యార్డులో ముప్పై ఏండ్లు హమాలీ. మూట ఎత్తాడంటే తూకం చెప్పేస్తాడు. ఆ విద్యను ఇంట్లో ప్రతి వస్తువు మీదా చూపిస్తాడు. నా పెళ్ళిచూపులకు వచ్చిన అబ్బాయి ఫోను కూడా ఎత్తి చూసి, "తేలిక" అని పెదవి విరిచాడు. ఆ సంబంధం అంతటితో సరి.

నాకు కంప్యూటరుకు స్పీకర్లు కావాలి. ఒక బెంగళూరు ఆఫీసు పంపే మీటింగుల రికార్డింగులు విని టైపు చేసే పని దొరికేలా ఉంది. నమూనా రేపు సాయంత్రానికి పంపాలి. చెవిలో పుండు, ఇయర్‌ఫోన్లు పెట్టుకోవద్దన్నాడు డాక్టరు. చేతిలో ఉన్నది పన్నెండు వందలు.

గురునాథ్ అంగట్లో నాయన నన్ను నోరెత్తనిస్తేనా! అన్ని జతలూ ఎత్తి చూసి, నల్ల డబ్బాల దగ్గర ఆగాడు.

"ఇదీ సామానంటే. ఎంత బరువుండాదో చూడు మే!"

"మాట తేటగా ఇనపడితే చాలు నాయనా. బరువెందుకు?"

"నీకేం తెలుసు!"

గురునాథ్ డప్పుల పాట పెట్టాడు. గల్లా మీది టీ గ్లాసు దడదడలాడింది. నాయన మురిసిపోయి కొనేశాడు.

ఇంట్లో రికార్డింగు పెడితే అందరూ నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టుంది. నాకు ఏడుపొచ్చింది. వైరు ఊడిందేమోనని నాయన స్క్రూలు విప్పాడు. లోపల రూపాయి బిళ్ళంత స్పీకరు, అడుగున అతికించిన సిమెంటు గడ్డ. తూకంలో మోసపోవడం ఆయనకు అదే మొదలు. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

పొద్దున్నే నన్నూ, డబ్బాలనూ ఆటోలో తీసుకుపోయి, గడ్డను గురునాథ్ ముందు పెట్టాడు.

"ఇది ఏ రాగం పాడతాదప్పా?"

"కంపెనీ సీలప్పా, లోపల నేనేం చూస్తా! ఆయ్తు, ఆయ్తు, సరే, మార్చిస్తా."

ఈసారి నేనే వింటానన్నాను. అమ్మ గొంతు కన్నా నాకు బాగా తెలిసిన గొంతు లేదు. మేము ఆటో ఎక్కాక ఆమె పంపిన వాయిస్ మెసేజ్ ఇంకా తెరవలేదు. దాన్నే పెట్టాను. మొదటి జతలో గుయ్యిమంది. రెండో జతలో మొదటి మాటకే అమ్మకు పడిశం పట్టినట్టుంటే ఆపేశాను. మూడోది ఎత్తితే చేతిలో ఏమీ లేనట్టుండే చిన్న జత. అందులో అమ్మ అంగట్లోకి వచ్చి నిలబడి మాట్లాడింది.

"మే యశోదా, డబ్బా నువ్వే పట్టుకో. మీ నాయనతో మోపించొద్దు. నడుం పట్టేసి మూడు దినాలైంది. నీ ముందర చెప్పడు. మంచం మీంచి లేయల్లంటే గోడ పట్టుకుంటాండాడు."

నాయన గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు. నిన్న అన్ని డబ్బాలూ ఎత్తింది ఈ నడుంతోనే కదా! నాకు కోపమూ జాలీ ఒక్కసారే వచ్చాయి.

"ఇంగోసారి వేయప్పా," అన్నాడు నాయన.

గురునాథ్ వేశాడు.

"మధ్యలో ఊపిరి తీసుకున్నేది గూడా ఇనపడతాండాది. ఇవే కట్టు."

డబ్బా నేను అందుకోబోతే తనే లాక్కుని చిటికెన వేలికి తగిలించుకున్నాడు.

"తేలిగ్గానే ఉండాయని మీయమ్మకు చెప్పు."

బయట మెట్లు దిగేటప్పుడు మాత్రం, గురునాథ్ చూడటం లేదని రూఢి చేసుకుని, నా భుజం పట్టుకున్నాడు.